పెరటి షెడ్డుకు కరెంటు: పైనుంచి లాగాలా, భూమిలో వేయాలా, వేరే మీటరు పెట్టించాలా?

మా ఇంటి వెనక రేకుల షెడ్డు మీటరు బోర్డుకు 130 అడుగుల దూరంలో ఉంటుంది, అంటే 40 మీటర్లు. మొదటి ఏడాది వంటింటి కిటికీలోంచి జంక్షన్ బాక్సు లాగి పని కానిచ్చాను. డ్రిల్లు తిరిగింది, చేతి గ్రైండర్ తిరిగింది, ఇంకేం కావాలి అనుకున్నాను. ఒకటిన్నర హెచ్‌పీ రంపం మిషన్ కొన్న రోజు తెలిసొచ్చింది. స్విచ్ వేస్తే మూలుగుతుందే తప్ప బ్లేడు తిరగదు. మల్టీమీటరు పెట్టి చూస్తే వంటింటి సాకెట్లో 226 వోల్టులు, షెడ్డులో మిషన్ మూలుగుతున్నంతసేపూ 188. మిగతా 38 వోల్టులు దారిలో వైరు మింగేసింది. రెండు మూడుసార్లు మొండికేసి స్విచ్ వేసి, బయటికొచ్చి చూద్దును కదా, విప్పకుండా గోడవార వదిలేసిన నాలుగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. వేలితో నొక్కితే తొడుగు మీద వేలిముద్ర పడింది.

ఆ తర్వాత నేను భూమిలో కేబుల్ వేయించాను. వెల్డింగ్ పని చేసుకునే మా బావ విడిగా మీటరు పెట్టించుకున్నాడు. మా చిన్నాన్న చేలో పాకకు సోలార్ పెట్టించాడు. ముగ్గురివీ మూడు దారులు, ఎవరి దారి వాళ్లకు సరిపోయింది. మీకు ఏది సరిపోతుందో తేలాలంటే ధరల కంటే ముందు కొన్ని లెక్కలు చూసుకోవాలి.

## ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే మొండి మిషన్ ఏది? చాలామంది షెడ్డులో ఉన్నవాటి వాట్లన్నీ కూడుతూ కూర్చుంటారు. ఒంటరిగా పనిచేసేవాడు రంపం, గ్రైండరు, డ్రిల్లు ఒకేసారి తిప్పడు కదా. చూడాల్సింది అన్నిటికంటే బరువైన మోటారు మొదలయ్యే క్షణాన్ని. ఒకటిన్నర హెచ్‌పీ ఇండక్షన్ మోటారు తిరుగుతున్నప్పుడు ఇంచుమించు 10 ఆంపియర్లు తీసుకుంటుంది. మొదలయ్యేటప్పుడు నాలుగైదు రెట్లు లాగుతుంది. ట్యాంకులో గాలి మిగిలి ఉన్న కంప్రెసర్ అయితే ఇంకా మొండి. డ్రిల్లు, గ్రైండరు లాంటి బ్రష్ మోటార్లతో ఈ బాధ తక్కువ. నా జంక్షన్ బాక్సు ఏడాదిపాటు నడవడానికి కారణం అదే.

దూరమెంత, వైరు ఎంత లావు? మా 40 మీటర్లకు లెక్క కట్టి చూపిస్తాను. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి వైరు పొడవు 80 మీటర్లుగా తీసుకోవాలి.

| వైరు (రాగి) | 10 ఆంపియర్ల దగ్గర తగ్గే వోల్టేజీ | 40 ఆంపియర్ల దగ్గర (మోటారు మొదలైనప్పుడు) |
|---|---|---|
| 1.5 స్క్వేర్ ఎంఎం | 9.7 | 38.7 |
| 2.5 స్క్వేర్ ఎంఎం | 5.9 | 23.7 |
| 4 స్క్వేర్ ఎంఎం | 3.7 | 14.8 |
| 6 స్క్వేర్ ఎంఎం | 2.5 | 9.9 |

నా జంక్షన్ బాక్సు మొదటి వరసలో ఉంది. పాత మేస్త్రీలు సెవెన్ ట్వంటీ అనేది ఇంచుమించు మూడో వరస. అల్యూమినియం కేబుల్ తీసుకుంటే 10 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం, 6 స్క్వేర్ ఎంఎం రాగి ఒకటే లెక్క. దుకాణంలో "రెండూ ఒకటే సార్, సైజు కూడా అదే వేసుకోండి" అంటే నమ్మకండి.

దీనికి ముందు ఇంకో పని ఉంది. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి ఎనిమిదింటికి, ఊరంతా ఏసీలు, కూలర్లు వేసుకున్న వేళ, మీ మీటరు దగ్గర వోల్టేజీ ఎంతుందో చూడండి. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర ఉన్న ఇళ్లకు 200 దాటడం కష్టం. మొదలే 200 ఉంటే అందులోంచి 24 పోవడం, 230లోంచి 24 పోవడం ఒకటి కాదు. అలాంటిచోట పట్టికలో ఒక వరస కిందికి దిగండి.

షెడ్డు మీ సరదాకా, సంపాదనకా? వైరు కంటే ఇదే పెద్ద ప్రశ్న. సొంత ఇంటికి కుర్చీలు, బల్లలు చేసుకుంటే ఇంటి మీటరు మీద వాడుకోవచ్చు. ఊళ్లోవాళ్లకు తలుపులు చేసి డబ్బు తీసుకుంటే అది ఇంటి వాడకం కాదు. విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షన్ ప్రకారం, ఒక అవసరానికి ఇచ్చిన కనెక్షన్‌ను మరో అవసరానికి వాడితే, ఆ వాడకానికి వర్తించే టారిఫ్‌కు రెట్టింపు చొప్పున బిల్లు వేస్తారు. ఎప్పటినుంచి అలా వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్కకడతారు.

బిల్లు ఏ శ్లాబులో పడుతుంది? తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వచ్చే ఇళ్లకు ఇది మరీ ముఖ్యం. ఇల్లు 170 దగ్గర ఆగుతుంటే షెడ్డు 40 తిన్న నెలలో బిల్లు కట్టేది పైన మిగిలిన 10 యూనిట్లకు కాదు, మొత్తానికి. ఆంధ్రాలో ఉన్నవాళ్లకు కూడా శ్లాబుల వల్ల, షెడ్డు వాడే యూనిట్లు ఎప్పుడూ పై శ్లాబు రేటుకే పడతాయి. బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు (మీకు మంజూరైనది), పక్కనే ఆర్‌ఎండీ (ఆ నెలలో మీరు లాగిన అత్యధిక లోడు) అని రెండు అంకెలుంటాయి. మంజూరైన లోడు 1 కిలోవాట్ దగ్గరుండి, షెడ్డు వల్ల ఆర్‌ఎండీ 3 చూపిస్తుంటే అదనపు లోడుకు డబ్బు కట్టమని నోటీసు వస్తుంది. ముందే దరఖాస్తు పెట్టుకుంటే గొడవ ఉండదు.

ఎర్తింగ్, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంపేసే స్విచ్చు) గురించి ఈ ప్రశ్నల్లో అడగలేదు. అవి ఉండాలా వద్దా అనే ఎంపికే లేదు. ఏ దారి పట్టినా ఉండాల్సిందే.

## పైనుంచి వైరు లాగడం

అన్నిటికంటే చవక, ఒక పూటలో అయిపోతుంది. ఇంటి గోడకో క్లాంపు, షెడ్డుకో ఇనుప పైపు, మధ్యలో జీఐ తీగ, దానికి చుట్టిన సర్వీసు వైరు. మధ్యలో చెట్లు లేకుండా, దూరం 50, 60 అడుగుల్లో ఉంటే, షెడ్డులో లైట్లు, ఫ్యాను, చేతి మిషన్లు మాత్రమే ఉంటే దీన్ని తప్పు పట్టను.

కానీ మన పెరళ్లు ఎలా ఉంటాయో తెలుసు కదా. జామచెట్టు, కొబ్బరిచెట్టు, బట్టలారేసే తీగ. కొబ్బరి మట్ట వైరు మీద పడితే తీగతో సహా కిందికొస్తుంది. ములక్కాయలు కోసే దోటి చివర ఇనుప కొక్కెం ఉంటుంది. బట్టల తీగ, వైరు మోసే జీఐ తీగ ఒకే మేకుకు కట్టిన ఇళ్లు నేను కళ్లారా చూశాను. తడి చొక్కా ఆరేసే చేయికి, 230 వోల్టులకు మధ్య పాత తొడుగు తప్ప ఇంకేమీ లేదక్కడ.

ఇంకో పొరపాటు, ఇంట్లో గోడల్లో వేసే మామూలు వైరును ఎండలో లాగడం. రెండు మూడు ఎండాకాలాలకే తొడుగు పెళుసెక్కి పగుళ్లిస్తుంది. ఎండకూ వానకూ తట్టుకునే సర్వీసు వైరే వేయండి. మధ్యలో అతుకు పెట్టకండి. టేపు చుట్టిన అతుకు తొలకరి దాకా బాగానే ఉంటుంది.

## భూమిలో ఆర్మర్డ్ కేబుల్

నేను చేయించింది ఇది. సొంతిల్లు, పెరట్లోనే షెడ్డు, దూరం 200 అడుగుల లోపు ఉన్నవాళ్లలో పదిమందికి ఎనిమిదిమందికి నేను చెప్పేది కూడా ఇదే.

కేబుల్ చుట్టూ ఉక్కు తీగల తొడుగు ఉంటుంది. పందికొక్కు కొరికినా పళ్లు ఉక్కుకు తగులుతాయి. చిన్న కేబుల్‌కు లోతు 750 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. అడుగున ఇసుక, దాని మీద కేబుల్, మళ్లీ ఇసుక, పైన అడ్డంగా ఇటుకలు, ఆ పైన మట్టి. ఇటుకలు దేనికంటే, పదేళ్ల తర్వాత అరటి పిలక నాటడానికి ఎవరైనా గునపం దించితే ముందు ఇటుకకు తగలాలని. మా కూలీలు అడుగున్నర తవ్వి "ఇక్కడిదాకా చాల్లే అన్నా, రాయి తగిలింది" అన్నారు. ఆ ఒక్కచోట ఇనుప పైపులోంచి దాటించాం. మిగతాదంతా రెండున్నర అడుగులు తవ్వించాను.

నల్లరేగడి నేల అయితే ఒక జాగ్రత్త. ఎండాకాలం నెర్రెలిచ్చి, వానాకాలం ఉబ్బే నేల అది. కేబుల్‌ను తీగలా బిగించి పరిస్తే చివరల దగ్గర గ్లాండును (కేబుల్‌ను బోర్డుకు పట్టి ఉంచే బిగింపును) లాగేస్తుంది. మధ్యలో కాస్త పాములా వంపులు తిప్పి, రెండు చివరలా ఒక్కో చుట్టు మిగల్చండి.

"ప్లాస్టిక్ పైపులో మామూలు వైరు వేసి పూడ్చేస్తే పోలా?" అని అడుగుతారు. సగం ఖర్చులో అయిపోతుంది. అయితే పైపులో నీళ్లు చేరతాయి. అతుకుల్లోంచి కాకపోయినా లోపలి గాలిలో తేమే నీరవుతుంది. ఇంట్లో వైరుకున్న పలచటి తొడుగు ఏళ్ల తరబడి నీళ్లలో ఉండటానికి చేసింది కాదు. నేనైతే వేయను.

సైజు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. తవ్వకం కూలీ, ఇసుక, ఇటుకలు ఏ సైజుకైనా ఒకటే. 4 స్క్వేర్ ఎంఎం సరిపోతుందని లెక్క తేలితే 6 వేయండి. రేపు కంప్రెసర్ కొంటే మళ్లీ పెరడంతా తవ్వుకోనక్కర్లేదు. మూడు కోర్ల కేబుల్ తీసుకుంటే ఫేజుకు, న్యూట్రల్‌కు, ఎర్త్‌కు తలా ఒకటి సరిపోతుంది. పైనున్న ఉక్కు తొడుగును కూడా గ్లాండు ద్వారా ఎర్త్‌కు కలపాలి.

ఇక షెడ్డు లోపల. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఎందుకు తప్పనిసరో చిన్న లెక్క చూడండి. షెడ్డు దగ్గర ఎర్త్ గుంత తీయించారు, దాని రెసిస్టెన్స్ 5 ఓమ్‌లు వచ్చింది. మన నేలల్లో అది మంచి ఎర్తే. మిషన్ బాడీకి ఫేజు తగిలితే 230 భాగించు 5, అంటే 46 ఆంపియర్లు భూమిలోకి పోతాయి. 32 ఆంపియర్ల ఎంసీబీకి (లోడు మించితే పడిపోయే స్విచ్చుకు) 46 అంటే వెంటనే పడిపోయేంత కరెంటు కాదు, నిమిషాలు పట్టొచ్చు. అంతసేపూ మిషన్ బాడీ మీద కరెంటే. ఆర్‌సీసీబీ రెప్పపాటులో పడిపోతుంది. గుంతలో ఉప్పు, బొగ్గు ఎంత పోశారన్నదాని మీదే భరోసా పెట్టుకునే ఎలక్ట్రీషియన్‌కు ఈ లెక్క చూపించండి.

ఇంట్లో కూడా 30 మిల్లీఆంపియర్లదే ఉండి, షెడ్డు లైను దాని తర్వాత తీస్తే, షెడ్డులో చెమ్మ తగిలినప్పుడల్లా ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోతుంది. అందుకే ఇంటి మెయిన్ స్విచ్ తర్వాత విడిగా ఒక దారి తీసి, దానికి సొంత ఎంసీబీ, 100 మిల్లీఆంపియర్ల టైమ్ డిలే రకం (కాస్త ఆగి పడే) ఆర్‌సీసీబీ పెట్టించి, 30ది షెడ్డు బోర్డులో పెట్టుకోవాలి. ఇంకోటి, లైట్లకు, మిషన్లకు వేరువేరు ఎంసీబీలు. రాత్రిపూట రంపం ట్రిప్ అయితే లైటు కూడా పోయి, ఇంకా తిరుగుతున్న బ్లేడు ముందు చీకట్లో నిలబడకూడదు.

## షెడ్డుకు వేరే మీటరు

మా బావ దారి ఇది. ఆయన షెడ్డులో వెల్డింగ్ మిషన్, కటింగ్ వీలు, కంప్రెసర్ ఉన్నాయి. రోజుకు ఆరేడు గంటల పని. ఇంటి మీటరు మీద నడిపితే రోజూ తనిఖీ భయం, పైగా వెల్డింగ్ రాడ్డు అంటించినప్పుడల్లా ఇంట్లో బల్బులు కళ్లు మూసి తెరిచినట్టయ్యేవి. మా అక్క పోరు పడలేక దరఖాస్తు పెట్టాడు.

ఏ కేటగిరీలో ఇస్తారన్నదే ఇక్కడ అసలు విషయం. తెలంగాణలో ఎల్‌టీ (లో టెన్షన్) కనెక్షన్లలో ఒకటో కేటగిరీ ఇళ్లకు, రెండోది దుకాణాల్లాంటి వాణిజ్య వాడకానికి, మూడోది పరిశ్రమలకు. నాలుగోది కుటీర పరిశ్రమలకు. వడ్రంగం, కమ్మరం, కుమ్మరం, కంసాలి పని, అగరబత్తీలు, అప్పడాలు, పచ్చళ్ల తయారీ లాంటివి ఆ నాలుగో కేటగిరీ కిందికి వస్తాయి. యూనిట్ రేటు వాణిజ్య కనెక్షన్ కంటే చాలా తక్కువ. చాలామందికి ఇది తెలియక, ఆఫీసులో చెప్పినదానికి తలూపి, రెండో కేటగిరీలో మీటరు పెట్టించుకుని ఏళ్ల తరబడి ఎక్కువ కడుతుంటారు. దరఖాస్తులో పని పేరు స్పష్టంగా "వడ్రంగం" అనో "అప్పడాల తయారీ" అనో రాయండి, "షెడ్డు" అని రాసి వదిలేయకండి.

త్రీ ఫేజ్ మోటారు పెట్టాలన్నా ఇదే దారి. అదే హెచ్‌పీకి త్రీ ఫేజ్ మోటారు ఒక్కో వైరులో తక్కువ కరెంటు తీసుకుంటుంది, కెపాసిటర్ పోయే బాధ ఉండదు, రీవైండింగ్ చేసేవాళ్లు కూడా దాన్నే ఇష్టపడతారు.

నష్టాలూ ఉన్నాయి. వాడినా వాడకపోయినా నెలనెలా ఫిక్స్‌డ్ చార్జీ కట్టాలి. స్తంభం దూరంగా ఉంటే లైను వేయడానికయ్యే ఖర్చు మీ మీద పడుతుంది. స్తంభం దగ్గరే ఉండి కొత్త లైను అవసరం లేకపోతే, వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024లో చేసిన సవరణ ప్రకారం మెట్రో నగరాల్లో 3 రోజులు, మున్సిపాలిటీల్లో 7, పల్లెల్లో 15 రోజుల్లోగా కనెక్షన్ ఇవ్వాలి. మా బావకు అంతకంటే ఎక్కువే పట్టింది. దరఖాస్తు నంబరు పట్టుకుని తిరిగితే గానీ పని కాలేదు.

ఇంటి బిల్లు శ్లాబు తగ్గించుకోవడానికి అదే ఆవరణలో రెండో ఇంటి మీటరు అడుగుదామనుకుంటే మాత్రం మర్చిపోండి. వేరే వాడకం ఉంటేనే వేరే మీటరు.

## సోలార్, బ్యాటరీ

మా చిన్నాన్న పాక చేలో ఉంది, ఊరికి అరకిలోమీటరు. అక్కడ నాలుగు బల్బులు, ఒక ఫ్యాను, పందుల బెడదకు పెట్టిన కెమెరా. అన్నీ కలిపి రోజుకు ముప్పావు యూనిట్ కూడా కావు. 330 వాట్ల పలక ఒకటి, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒకటి. ఆ బ్యాటరీలో కాగితం మీద 1.8 యూనిట్లుంటాయి. కానీ పదికాలాలు మన్నాలంటే సగమే వాడాలి, అంటే 0.9. ముసురు పట్టిన మూడో రోజు కెమెరా ఆగిపోతుంది. ఆయన దానికి సర్దుకున్నాడు.

మిషన్లు నడపాలంటే ఇది ఖరీదైన దారి. మన ఎండకు 1 కిలోవాట్ పలకలు రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయి, ఆ లెక్క బాగానే ఉంటుంది. కానీ మళ్లీ ఆ మోటారు మొదలయ్యే క్షణమే అడ్డం. ఒకటిన్నర హెచ్‌పీని లేపాలంటే 5 కేవీఏ ఇన్వర్టరు, దానికి తగిన బ్యాటరీలు కావాలి. పీఎం సూర్యఘర్ సబ్సిడీ (3 కిలోవాట్లకు 78,000 రూపాయలు) ఇంటి కప్పు మీద పెట్టి గ్రిడ్‌కు కలిపినవాటికే. చేలో పాకకు, బ్యాటరీతో నడిచేవాటికి రాదు.

ఎండ బాగా పడే షెడ్డు కప్పు ఉండి, ఇంటి కనెక్షన్ కిందే ఉంటే ఒక ఉపాయం ఉంది. కేబుల్ భూమిలో వేయించి షెడ్డుకు గ్రిడ్ కరెంటే తెచ్చుకోండి. సోలార్‌ను ఇంటి మీటరుకు కలిపి బిల్లు తగ్గించుకోండి. రెండూ రెండు పనులు.

## జనరేటర్

లీటరు పెట్రోలుకు చిన్న జనరేటర్ ఒకటిన్నర, మహా అయితే రెండు యూనిట్లు ఇస్తుంది. పెట్రోలు వంద దాటాక యూనిట్ ఎంత పడుతుందో మీరే లెక్కేసుకోండి. కరెంటు పోయినప్పుడు ఆదుకోవడానికి తప్ప రోజువారీ పనికి కాదు. మూసిన షెడ్డులో ఎప్పుడూ నడపొద్దు, దాని పొగ ప్రాణం తీస్తుంది.

## ఎవరికి ఏది

| | పైనుంచి వైరు | భూమిలో కేబుల్ | వేరే మీటరు | సోలార్ |
|---|---|---|---|---|
| మొదటి ఖర్చు | తక్కువ | మధ్యస్తం | స్తంభం దూరాన్ని బట్టి | ఎక్కువ |
| నెల ఖర్చు | ఇంటి శ్లాబు | ఇంటి శ్లాబు | ఫిక్స్‌డ్ చార్జీ, యూనిట్ రేటు | లేదు, బ్యాటరీ మార్పిడి తప్ప |
| 1.5 హెచ్‌పీ మోటారు | దగ్గరైతేనే | సరైన సైజు వేస్తే హాయిగా | హాయిగా | కష్టం |
| సంపాదన పనికి | కుదరదు | కుదరదు | ఇదే దారి | కుదురుతుంది, చిన్న పనులకు |
| గాలివాన | భయమే | భయం లేదు | స్తంభం నుంచి వచ్చే వైరు వరకు | పలకల బిగింపును బట్టి |

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు భూమిలో డబ్బు పూడ్చకండి. దగ్గరగా ఉంటే పైనుంచి మంచి సర్వీసు వైరు, షెడ్డులో ఆర్‌సీసీబీ ఉన్న చిన్న బోర్డు చాలు. వెళ్లేటప్పుడు బోర్డు విప్పుకుని తీసుకెళ్లొచ్చు. సొంతిల్లయి, ఆదివారాలు మాత్రమే రంపం పట్టేవాళ్లు భూమిలో కేబుల్ వేసుకోండి. ఇప్పుడు సరదాగా మొదలుపెట్టి రేపు ఆర్డర్లు తీసుకుందామనుకునేవాళ్లు కూడా కేబుల్ వేసుకుని, షెడ్డు గోడ మీద మీటరు పెట్టుకోవడానికి వర్షం తగలని చోటు ఒకటి ఉంచుకోండి. చేలో మోటారు కనెక్షన్ ఉంది కదా అని ఉచిత కరెంటుతో వెల్డింగ్ మిషన్ నడపొద్దు. పైన చెప్పిన 126వ సెక్షన్ దానికీ వర్తిస్తుంది.

పశువుల కొట్టమైతే లెక్క కాస్త వేరు. మనిషికి చిన్న జలదరింపు అనిపించే కరెంటుకు గేదె ప్రాణం పోవచ్చు. నాలుగు కాళ్లూ తడి నేల మీద, ముక్కు నీళ్ల తొట్టిలో ఉంటాయి మరి. పైగా మూత్రం ఆవిరికి స్విచ్చుల్లోని ఇత్తడి పచ్చబడి తినేసుకుపోతుంది. కాబట్టి బోర్డు కొట్టం లోపల కాకుండా బయట గోడకు, ఆవు మెడ చాచినా అందనంత ఎత్తులో, మూత ఉన్న పెట్టెలో పెట్టించండి. గడ్డి కోసే మిషన్‌కు విడిగా ఒక 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఇచ్చి, దాని మీదున్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి. నొక్కితే పడిపోవాలి. పడకపోతే ఆ రోజే మార్పించండి.

భూమిలో వేసేవాళ్లకు ఇంకొక్క పని మిగిలింది. పూడ్చే ముందు కందకానికి అడ్డంగా టేపు పెట్టి, ఇంటి గోడ నుంచి ఎన్ని అడుగులో కనబడేలా నాలుగు ఫోటోలు తీసి, ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. మా కేబుల్ బావి గట్టుకు నాలుగడుగుల ఇవతల నుంచి పోతుంది. ఆ సంగతి నిరుడు మామిడి మొక్క నాటేటప్పుడు మా ఆవిడ ఫోన్లో ఫోటో చూశాకే నాకు గుర్తొచ్చింది.